హజరత్ చెప్పని జవాబు

“కోడి మనదే, గింజలు పక్కింటోళ్ళవి. ఆ గింజలు తిని పెట్టిన గుడ్డు మనకు హలాలా, హరామా? ఇదీ అల్లుడా, ఆ శుక్రవారం నేను విప్పిన చీటీ. మసీదంతా నవ్విందిలే. మా మసీదు కమిటీ సదర్ అజ్మల్ సాబ్ అయితే నవ్వలేక కండ్లు తుడుచుకున్నాడు. మొదటి వరసలో యాసిన్ కూచోనుండె. వాడొక్కడే నవ్వలేదు. నా మొగంలోకే చూస్తా ఉండె. అది మూడో శుక్రవారం.”

“దేనికి మూడోది మామా?”

“చెప్తా గదా. ముందు టీ తాగు, మీగడ కట్టింది.”

కృపాకర్ మీగడను వేలితో పక్కకు తీసి గుటక వేశాడు. టీలో చక్కెర లేదు. మర్చిపోయాడని అర్థమైంది గానీ అడగలేదు. భార్య కరోనాలో పోయినప్పటినుంచి చాంద్ బాషా హజరత్ తన టీ తానే పెట్టుకుంటున్నాడు. ఒకరోజు చక్కెర మరిచిపోతే మరోరోజు రెండుసార్లు వేస్తాడు.

కంభం చెరువు వైపు పోయే దారిలో ఉన్న ఆ చిన్న మసీదుకు ఆయన ముప్పై ఏడేళ్ళుగా ఇమాం. ఐదు పూటలా నమాజు చేయించడం, సాయంత్రం పిల్లలకు అరబ్బీ అక్షరాలు దిద్దించడం, పెళ్ళికి నిఖా, చావుకు జనాజా. ఇవి కాక జీతంలో లేని పని ఒకటుంది. పొద్దుగూకే నమాజు అయ్యాక మసీదు గడప దగ్గర తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నిలబడతారు. పాలు తాగని పిల్లలు, ఉలిక్కిపడి ఏడ్చే పిల్లలు. ఏ కులమో, ఏ మతమో ఎవరూ అడగరు. హజరత్ పెదవుల్లో ఏదో చదువుకుని ఒక్కొక్కరి నుదుటి మీద మెల్లగా ఊదుతాడు. కృపాకర్ తల్లి యేసుమణి కూడా అట్లా నెలల బిడ్డను ఎత్తుకొచ్చి అక్కడ నిలబడిందే. చర్చిలో పాటల పుస్తకం పట్టుకోకముందే మసీదు గడప చూసినవాడు కృపాకర్. ఆ చుట్టరికంతోనే ఆయన మామ, ఇతను అల్లుడు.

కృపాకర్ పదోతరగతితో ఆగిపోయినవాడు. బస్టాండు దగ్గర జిరాక్సు, డీటీపీ షాపు నడుపుతాడు. ఊళ్ళోవాళ్ళ అర్జీలు రాస్తూ రాస్తూ చట్టం కొంత, దుకాణాల బోర్డులు చూస్తూ ఉర్దూ అక్షరాలు కొంత తనకు తానే నేర్చుకున్నాడు. మనుషులు చెప్పేది చివరిదాకా వినడం అతనికి అలవాటు. ఆ ఉదయం హజరత్ ఫోన్ చేసి, “ఉర్దూలో మూడు పేజీలుండాయి, తెలుగు చేయాల. నేను చెప్తా, నువ్వు రాయి,” అంటే ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని వచ్చాడు. వచ్చిన పని ఇంకా మొదలుకాలేదు. హజరత్ కోడిగుడ్డు దగ్గర మొదలుపెట్టాడు.

“చీటీల సంగతి నీకు తెలుసు గదా?”

“తెలుసు. బిస్కెట్ల డబ్బా.”

నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే కుళాయిల పక్కన గోడకు ఒక రేకు డబ్బా తగిలించి ఉంటుంది. మూతకు కత్తితో కోసిన సందు. దానికి సవాల్ డబ్బా, అంటే ప్రశ్నల డబ్బా, అని పేరు. ఎవరికి ఏ సందేహమున్నా చీటీ రాసి అందులో వేయొచ్చు. గురువారం సాయంత్రం హజరత్ డబ్బా తెరుస్తాడు. శుక్రవారం ప్రసంగానికి ముందు ఒకటో రెండో విప్పి అందరి ముందూ జవాబు చెబుతాడు.

అది పద్దెనిమిదేళ్ళ కిందట ఒక ఆడమనిషి వల్ల వచ్చింది. ఎండలో వీధికి అవతల పక్క చాలాసేపు నిలబడింది ఆమె. ఏదో అడగాలని వచ్చినట్టుంది. మగవాళ్ళు లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నారు. చివరికి అడక్కుండానే వెళ్ళిపోయింది. హజరత్‌కు ఆ రోజంతా అన్నం సయించలేదు. మరుసటి వారం డబ్బా తగిలించి, అందరి ముందూ ఒక మాట ఇచ్చాడు: “పేరు రాయాల్సిన పని లేదు. రాసినోళ్ళ మొగం నేను వెతకను. వెతికితే దేవుడు నన్నడుగుతాడు.”

ఆ మాట మీదే డబ్బా నిండింది. ఆడవాళ్ళు పిల్లల చేత పంపేవాళ్ళు. పన్ను పీకించుకుంటే ఉపవాసం పోతుందా, టీవీలో వచ్చే అజానుకు జవాబివ్వాలా, దగ్గర్నుంచి మొగుడు తాగొచ్చి కొడితే ఓర్చుకోవడమే ధర్మమా అనేదాకా. ఒక్కోసారి చేతిరాత చూడగానే ఎవరో తెలిసిపోయేది. తెలిసినా ఆ ఇంటి ముందు తల దించుకునే పోయేవాడు.

“ఆ మాట నిలబెట్టుకున్నందుకు నాకు గర్వముండె అల్లుడా,” అన్నాడు హజరత్. “సైతాను మన తప్పుల్లోనుంచే వస్తాడనుకుంటాం. మన మంచి గుణంలో నుంచి కూడా వస్తాడు.”

ఆయన లేచి అలమరలోంచి ఒక కవరు తీశాడు. అందులో పిన్ను చేసిన కాగితాలు. అన్నిటికంటే పైన నోటుబుక్కులోంచి చింపిన సగం పేజీ. దాన్ని కృపాకర్‌కు ఇచ్చాడు. తెలుగులో, ఎడమకు ఒరిగిన అక్షరాలతో ఉంది.

“హజరత్, ఫోన్లో ఒకాయన చెప్తాడు. ఆయనకు అరబ్బీ బాగా వచ్చు. మనోళ్ళను కొట్టినోళ్ళు ఉండే ఊళ్ళో ఎవరిని చంపినా పుణ్యమేనంట. చిన్నా పెద్దా చూడొద్దంట. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. అది అబద్ధమైతే శుక్రవారం గట్టిగా చెప్పండి. నేను వింటాను.”

కృపాకర్ రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివేటప్పుడు అతని పెదవులు కదిలాయి.

“యాసిన్ రాసిందా?”

“వాడిదే. రంజాన్ నెలలో నమాజు వేళలు బోర్డు మీద రాసేది వాడే గదా, నా తెలుగు బాగుండదని. ఆ రాత నాకు తెలీదా? నా దగ్గర అలిఫ్, బే దిద్దినోడు.”

యాసిన్ ఊరందరికీ తెలుసు. నాయన లారీ డ్రైవరు, ఎప్పుడో పోయాడు. తల్లి లాల్బీ ఇళ్ళకు మిషను మీద బట్టలు కుట్టి పెంచింది. డిగ్రీ మధ్యలో ఆపి హైదరాబాదు పోయి బండి మీద భోజనాలు చేరవేసే పనిలో చేరాడు. ఒకరోజు ఎవరో బండి ఆపి పేరడిగి కొట్టారు. చెవి కర్ణభేరి పగిలింది. తిరిగొచ్చి కంభంలో సెల్‌ఫోన్ల షాపులో కుదిరాడు. ఇరవై రెండేళ్ళు. మాట్లాడేవాడు కాదు. ఫోన్లో మాత్రం ఒకాయన మాట్లాడుతూ ఉండేవాడు, పగలని చెవిలో.

“మామా, ఎవరో తెలిసిపోయింది గదా. పిలిచి మాట్లాడకపోతివా?” కృపాకర్ గొంతులో నింద లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. అందుకే హజరత్‌కు జవాబు చెప్పడం ఇంకా కష్టమైంది.

“మొగం వెతకనని మాటిచ్చినా గదా,” అన్నాడు. ఖాళీ గ్లాసు పక్కకు జరిపి, “అదొకటి. ఇంకోటి చెప్తా విను,” అన్నాడు.

అర్ధవీడు దగ్గర మేకలు కాసిన ఇంట్లో పుట్టాడాయన. కర్నూలు వైపు ఒక మదరసాలో తొమ్మిదేళ్ళు చదివాడు. అక్కడి ఉస్తాదు ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు, తెలియనిది తెలియదని ఒప్పుకోవడమే సగం చదువని. మేకల కాపరి కొడుకు ఆ మాటను తాయెత్తులా కట్టుకున్నాడు. ముప్పై ఏడేళ్ళలో పుస్తకంలో లేని ముక్క ఒక్కటీ మాట్లాడలేదు. కాస్త పెద్ద ప్రశ్న వస్తే, “పెద్దలనడిగి చెప్తా,” అనేవాడు. ఊళ్ళో ఆయనకున్న మర్యాదంతా దానివల్లే.

ఆ చీటీ వచ్చే ముందు ఏడాదే ఒంగోలులో ఇమాంలందరికీ ఒకరోజు తరగతి పెట్టారు. వక్ఫ్ బోర్డు పెద్దలు, మత పండితులైన ఆలిములు, పోలీసు అధికారులు వచ్చారు. పిల్లల్ని హింస వైపు లాగే మాటలు ఫోన్లలో ఎట్లా వస్తున్నాయో బొమ్మలు వేసి చూపించారు. హజరత్ ముందు వరసలో కూర్చుని అన్నీ రాసుకున్నాడు.

“మంచిగా చెప్పినారు అల్లుడా, వంక పెట్టేది లేదు. ఒకాయనేమో, మీ పిల్లల్ని ఫోన్లో మౌల్వీలకు వదిలేయొద్దు, మీరే కూచోబెట్టుకుని మాట్లాడండి అన్నాడు. ఇంకొకాయన, ఇట్లాంటి విషయాల్లో సొంత మాటలు మాట్లాడి చిక్కుల్లో పడొద్దు, పెద్దల ఫత్వా పట్టుకుని మాట్లాడండి అన్నాడు. రెండూ మంచి మాటలే. నేను రెండోది గుర్తుపెట్టుకున్నా.”

గురువారం చీటీ చదివాడు. ఇంత పెద్ద సవాలుకు కంభం ఇమాం చెప్పే జవాబు ఏపాటిది? అవతల ఫోన్లో ఉన్నవాడికి అరబ్బీ బాగా వచ్చంట. వాడి ముందు నిలబడాలంటే సీలున్న జవాబు కావాలి. శనివారం పోస్టాఫీసు తీయగానే ఆ చీటీని జతచేసి, పెద్ద మదరసాలో ఫత్వాలిచ్చే ఆఫీసుకు రిజిస్టర్ పోస్టు చేశాడు. రసీదు జేబులో పెట్టుకుని, చేయాల్సింది చేశాననుకుంటూ ఇంటికొచ్చాడు.

మొదటి శుక్రవారం పోస్టు చేయకముందే వచ్చింది. ఆ రోజు పన్నుకు సిమెంటు పెట్టించుకున్నవాడి చీటీ చదివాడు. యాసిన్ మొదటి వరసలో ఉన్నాడు. అంతకుముందెప్పుడూ స్తంభం వెనకాల కూర్చునేవాడు. రెండో శుక్రవారం ప్రయాణంలో నమాజు గురించి. యాసిన్ మొదటి వరసలోనే. మూడో శుక్రవారం కోడిగుడ్డు.

“పెద్ద సవాలొకటి వచ్చింది, జవాబు కోసం పంపినా, ఓపిక పట్టండి అని ఒక్క ముక్క అనుంటే వాడికి అర్థమయ్యేది. అంతమాత్రం కూడా అనలేదు. ఏం సవాలని పదిమంది అడుగుతారు, ఎవరో ఫోన్లో పట్టి ముక్క కోసి పెడతారు, అదీ నా భయం.”

ఆ మూడో శుక్రవారం నమాజయ్యాక చెప్పులు విడిచే చోట యాసిన్ నిలబడ్డాడు. హజరత్ బయటికి రాగానే అడిగాడు.

“హజరత్, డబ్బాలో చీటీలన్నీ తీస్తరా?”

“అన్నీ తీస్తా బేటా.”

“అన్నీ చదువుతరా?”

“ఒక్కటి వదలకుండా.”

“సరే అయితే,” అన్నాడు యాసిన్. వంగి ఒక చెప్పు వేసుకున్నాడు, రెండోది వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత వెళ్ళిపోయాడు.

హజరత్ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. “వాడు చెప్పు తొడుక్కునేదానికి అంతసేపు ఎందుకు పట్టింది అల్లుడా? నేను పిలుస్తానేమోనని. ఇప్పుడు తెలుస్తాంది. అప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? నా మాట నిలబెట్టుకున్నా అనుకున్నా.”

ఆ తర్వాత శుక్రవారాలు యాసిన్ మసీదుకు రాలేదు. షాపులో తన పేరు మీద నాలుగు సిమ్ములు తీసి, ఫోన్లో మాట్లాడే మనిషి చెప్పిన చిరునామాకు పంపాడు. వాటిలో రెండు ఎవరెవరి చేతులో మారి, దూరపు పట్నంలో ఒక కల్యాణమంటపం దగ్గర బాంబు పెట్టినవాళ్ళ దాకా పోయాయి. పెళ్ళిజనం ఇంకా రాలేదు గనక సరిపోయింది. అది పేలి వాచ్‌మన్‌కు రెండు కళ్ళూ పోయాయి.

“ఆయన పేరు వినయ్ కుమార్,” అన్నాడు హజరత్. “ఇద్దరు ఆడపిల్లలంట. ప్రతి శుక్రవారం దువాలో తలుచుకుంటా. పేరు పైకి చెప్పకుండా.”

పోలీసులు ఒక మంగళవారం పొద్దున వచ్చారు. యాసిన్‌ను షాపులోంచే తీసుకుపోయారు. లాల్బీ మిషను దగ్గరనుంచి లేచి, మెడలో కొలత టేపుతోనే జీపు వెనకాల పరిగెత్తింది. తర్వాత మసీదు కూడా వెతికారు. సవాల్ డబ్బా బోర్లించారు. నాలుగు చీటీలు రాలాయి. గోరింటాకు, జకాతు దానం, ఇంకేవో. అసలు చీటీ అప్పటికి మదరసా బల్ల మీద ఉంది.

అధికారి మర్యాదగానే అడిగాడు, “వీడు మీ దగ్గరికొచ్చి ఇట్లాంటి విషయాలేమైనా అడిగాడా హజరత్?”

“నా దగ్గరికొచ్చి ఎప్పుడూ అడగలేదు సార్,” అన్నాడు హజరత్.

“అబద్ధం కాదు గదా,” అన్నాడు కృపాకర్ మెల్లగా.

“నిజమూ కాదు.”

ఆ వారంలోనే ఫత్వా వచ్చింది. మూడు పేజీలు, ముగ్గురు ముఫ్తీల సంతకాలు, గుండ్రటి సీలు. మధ్యలో ఒక పెద్దాయన జబ్బుపడి ఆలస్యమైందని, ఇట్లాంటి విషయంలో ఒక్కరి సంతకంతో ఇవ్వరాదని, క్షమించమని విడిగా చిన్న ఉత్తరం కూడా. ఫత్వా మొదటి మాటే, ఇది హరామని. ఎవరు చెప్పినా, ఎంత అరబ్బీ వచ్చినవాడు చెప్పినా హరామే. మిగతాదంతా ఎందుకు హరామో.

“గొప్పగా రాసినారు. దీన్నే తర్వాత మార్కాపురంలో, గిద్దలూరులో, కొనకనమిట్లలో శుక్రవారం చదివినారు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన అది విని కొడుకు ఫోను తీసుకుని ఇమాం దగ్గరికి తెచ్చినాడంట, ఇదేందో చూడు హజరత్ అని. ఆ పిల్లోడు ఇప్పుడు బాగున్నాడు. అట్ల ఎంతమంది ఆగినారో ఎవరికి తెలుసు? ఆగినోడి పేరు పేపర్లో రాదు గదా.” హజరత్ కాగితాల మీద అరచెయ్యి పెట్టాడు. “నేను మాత్రం ఈ మూడు పేజీలూ మళ్ళీ మళ్ళీ చదివినా. ఇందులో నాకు తెలియని ముక్క ఒక్కటీ లేదు. ఆ గురువారం రాత్రికే వాడింటికి పోయి, మిషను పక్కన కూచుని, ‘ఒరే, అబద్ధంరా అది’ అంటే అయిపోయేది. తెలియనిది తెలియదని చెప్పు అన్నాడు మా ఉస్తాదు. తెలిసింది కూడా తెలియదన్నా నేను.”

కృపాకర్ కాగితం తిప్పి చూశాడు. చీటీ వెనక నీలం రంగు ముద్ర ఉంది. మదరసా ఆఫీసు వాళ్ళు అది అందిన తేదీ, వరస నంబరు వేసి, జవాబుతో పాటు తిరిగి పంపారు. తేదీ సిమ్ములు తీసినదానికి ముందుది.

అసలు సంగతి ఇక్కడుంది. యాసిన్ తరఫున వాదిస్తున్న పద్మజ మార్కాపురం లాయరు. పోయినవారం మసీదు వీధికి వచ్చి ఇంటింటినీ అడిగింది. వాడు ఆ మాటలు నమ్మి దిగినవాడా, మొదట అనుమానపడినవాడా? అనుమానపడినట్టు చిన్న ఆధారమైనా ఉంటే ఆ పిల్లవాడి తరఫున ఒక మాట మాట్లాడగలను అంది. హజరత్ ముందు కూడా నిలబడి అడిగింది. హజరత్ తల అడ్డంగా ఊపాడు. ఆమె వెళ్ళిపోయింది. అప్పటినుంచి వారంగా ఆయనకు నమాజులో చదివేది మరపు వస్తోంది. నిన్న మధ్యాహ్నం నాలుగు రకాతుల నమాజుకు మూడే చేయించి సలాం చెప్పి ముగించేశాడు. వెనకనున్నవాళ్ళు గుర్తుచేశారు. ముప్పై ఏడేళ్ళలో మొదటిసారి.

బయట స్కూటరు ఆగింది. సదర్, అంటే మసీదు కమిటీ అధ్యక్షుడు, అజ్మల్ సాబ్ లోపలికి వచ్చాడు. కట్టెల అడితీ మనిషి, చొక్కా మీద ఎప్పుడూ రంపపు పొట్టు.

“ఏం కృపాకరూ, పొద్దున్నే మా హజరత్‌ను మతం మార్పిస్తుండావా?”

“నావల్ల యాడయితది సాబ్. ముప్పై ఆరేళ్ళ కింద ఆయన ఊదిన గాలే ఇంకా నాలో తిరుగుతాంది.”

అజ్మల్ సాబ్ నవ్వాడు గానీ బల్ల మీది చీటీ చూడగానే నవ్వు ఆగింది. నిన్ననే హజరత్ ఆయనకు సంగతంతా చెప్పాడు.

“చింపేస్తావనుకున్నా హజరత్.”

“చింపలేదు సాబ్.”

“లాయరమ్మకిస్తావా? ఇస్తే ఏమైతదో తెలుసా? ఇమాంకు ముందే తెలుసు అని పేపర్లో వస్తది. రెండురోజులు టీవీలో మన మసీదు చూపించినారు, మర్చిపోయినావా? మా తమ్ముడిని ఇల్లు ఖాళీ చేయమన్నారు. నా అడితీకి వచ్చేవాళ్ళు సగమైనారు. ఇప్పుడిప్పుడే జనం మర్చిపోతాండారు. ఒక్కడి కోసం ఇంతమందిని మళ్ళీ వీధిలో నిలబెడతావా?”

“ఒక్కడి కోసమే.”

“వాడేం పసిపిల్లోడా? సిమ్ములిచ్చింది వాడు గాదా? నువ్వు ఈ చీటీ ఇస్తే ఆ వాచ్‌మన్‌కు కండ్లొస్తాయా?”

“రావు.”

“మరి?”

హజరత్ తలెత్తాడు. “వాడు చేసింది తప్పు. దానికి శిక్ష పడాల, పడతది. నేను అడ్డం లేను. కానీ వాడు ముందు మన తలుపు కొట్టినాడు సాబ్. అది కూడా జరిగింది గదా. తీర్పు చెప్పేవాళ్ళకు జరిగిందంతా తెలియాల. సగం దాచిపెడితే నేను ఏ మొగంతో మీ ముందు నిలబడి నమాజు చేయించేది?”

“నువ్వు ఇస్తే కమిటీ నిన్ను ఉంచదు. నేను ఉంచుదామన్నా ఉంచదు.”

“తెలుసు.”

“ఎక్కడికి పోతావు ఈ వయసులో?”

“గిద్దలూరులో ఉజ్మా ఉంది.” కూతురి పేరు చెప్పి, కాగితాలు సర్దాడు. “లేకుంటే అర్ధవీడు. మేకలు కాయడం మరిచిపోయుండనులే.”

అజ్మల్ సాబ్ స్కూటరు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. ఆయన పిల్లలిద్దరికీ అక్షరాలు దిద్దించింది ఈ మనిషే, ఆయన తల్లి జనాజా దగ్గర దువా చదివింది ఈ మనిషే. తలుపు దాకా పోయి, వెనక్కి తిరగకుండానే అన్నాడు, “మధ్యాహ్నం నమాజుకు నువ్వే ఉండాల. నేను ఇంకా ఎవరినీ చూడలేదు.”

స్కూటరు శబ్దం దూరమయ్యాక కృపాకర్ అడిగాడు.

“మామా, ఒకటడగనా? ఈ కాయితం వాడికే ఎదురు తిరగొచ్చు గదా. అవతల చెప్పేది చంపడం గురించేనని తెలిసి కూడా సిమ్ములిచ్చినాడని అంటారేమో.”

“అనొచ్చు.” హజరత్ ఆ మాట ముందే ఆలోచించినట్టు వెంటనే అన్నాడు. “అది పద్మజమ్మ చూసుకుంటది, ఆమె చదువు అది. పెట్టాల్నో వద్దో ఆమె చెప్పాల. దాచేదానికి మాత్రం నేనెవణ్ణి? ఒకసారి దాచి చూసినా గదా.”

అప్పుడు కృపాకర్ ల్యాప్‌టాప్ తెరిచాడు. ముందు ఫత్వా తెలుగు చేశారు. హజరత్ ఒక్కో వాక్యం ఉర్దూలో చదివి, తెలుగులో చెబుతుంటే కృపాకర్ కొట్టాడు. మాట తెలియనిచోట, “అంటే ఏంది మామా?” అని ఆగి తెలుసుకున్నాడు. గంటన్నర పట్టింది. తర్వాత హజరత్ వాంగ్మూలం చెప్పాడు. అది నాలుగు వాక్యాలే. నా పేరు ఫలానా. ఈ చీటీ ఫలానా గురువారం నాకు అందింది. రాత యాసిన్‌దని ఆరోజే తెలిసింది. ఈ సవాలుకు జవాబు నాకు తెలుసు, చెప్పలేదు.

“పై నుంచి జవాబు కోసం ఎదురుచూస్తూ అని ఒక ముక్క చేరుస్తా మామా. అది నిజమే గదా. నీకూ కొంచెం అండగా ఉంటది.”

“వద్దు. ఆ అండ కిందే గదా వాణ్ణి పోగొట్టుకున్నది. కొట్టేయ్.”

కృపాకర్ కొట్టేశాడు. షాపుకు పోయి ప్రింటు తీసుకుని వచ్చేసరికి హజరత్ కొత్త లాల్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. సంతకం ఉర్దూలో చేసి, కింద తెలుగులో కూడా వంకరటింకరగా రాశాడు. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, తడవకుండా, మడత పడకుండా సంచిలో తానే సర్దాడు.

“అసలుది పద్మజమ్మ చేతిలోనే పెట్టు. గుమస్తాకు ఇయ్యొద్దు. ఎప్పుడు పిలిస్తే అప్పుడొస్తా, పోలీసులు పిలిచినా వస్తానని చెప్పు.”

“సరే మామా. పదకొండు గంటల మార్కాపురం బస్సు ఉంది, అందుకుంటా.”

“ఆ బస్సు వద్దు. తర్వాత బస్సుకు పో.” హజరత్ సంచి పట్టీ వదల్లేదు. “ముందు లాల్బీ ఇంటికి పో నాయనా. నేను మూడుసార్లు పోయినా, తలుపు తీయలే. జీపు వెనక ఆమె పరిగెత్తినరోజు మసీదు నుంచి ఒక్కరం పోయి పలకరించలేదు, ఎందుకు తీస్తది? నువ్వు పో. నీకైతే తీస్తది. ఆమెకు చదువు రాదు. కోర్టులో పరాయోళ్ళ నోట మొదటిసారి వినకూడదు ఆ మాట. కూచుని, కొడుకు రాసిన చీటీ మెల్లగా చదివి వినిపించు. నమ్మబుద్ధి కావడం లేదు అని రాసినాడు చూడు, అది రెండుసార్లు చదువు. వాడు ముందు మమ్మల్నే అడిగినాడమ్మా, నోరు విప్పనిది హజరతే అని నా పేరు పెట్టి చెప్పు. ఆమె తిడతది. నన్ను వెనకేసుకొచ్చి మాట్లాడొద్దు. ఏమేం తిట్టిందో ఒక్క మాట కూడా మింగకుండా సాయంత్రం వచ్చి నాకు చెప్పు.”